సూది వేసే ముందు మాట వినండి

సాయంత్రం ఆరు దాటింది. నల్లగొండ జిల్లాలో ఏ ఊరి కూడలిలోనైనా కనిపించే క్లినిక్కే. పత్తి ఏరి నేరుగా వచ్చిన యాభై ఏళ్ల ఆడమనిషి బల్ల మీద కూర్చుంది. వేళ్ల నిండా పత్తికాయ డొప్పలు గీరిన గీతలు.

"సారూ, నడుము గుంజుతాంది. వంగితె లేవొస్తలే. రాత్రి పండుకుంటె..."

"ఎన్ని రోజుల నుంచి?"

"యాడాది దాటింది సారూ. మొదాల్ల..."

"గుజ్జు అరిగిపోయిందమ్మా. వయసైపోతోంది కదా. సూదేస్తా, గోలీలు రాస్తా. బరువులు ఎత్తకు, వంగకు."

సూది పడింది, పొట్లం చేతికొచ్చింది. రెండు నిమిషాలు కాకముందే తరువాతి మనిషి లోపలికి వచ్చాడు. వంగకుండా పత్తి ఎట్లా ఏరాలో ఆమె అడగలేదు, ఆయన చెప్పలేదు. రాత్రి పడుకుంటే ఏమవుతుందో చెప్పబోయిన వాక్యం సగంలోనే ఆగిపోయింది.

ఈ సంపాదకీయం ఆ సగం వాక్యం గురించి. ఇది హెచ్చరిక: పెద్ద డిగ్రీలున్న వైద్యులకు, ఊళ్లో ఆరెంపీలకు, మందుల షాపు కౌంటరు వెనక నిలబడ్డవారికి, నొప్పితో బతుకుతున్న ప్రతి ఇంటికీ. నెలల తరబడి ఉన్న నొప్పిని వినకుండా, వివరించకుండా, సూదితో నోరు మూయిస్తున్నాం. నొప్పి నాలుగు రోజులకు తిరిగి వస్తోంది. సూది తాలూకు నష్టం మాత్రం ఒంట్లోనే ఉండిపోతోంది.

పొట్లంలో ఏముంది?

రెండు తెల్లవి, ఒకటి పచ్చది, ఒకటి బుల్లిది. పేరు లేదు, మోతాదు లేదు, ఎన్నాళ్లు వాడాలో లేదు. తెల్లవాటిలో డైక్లోఫెనాకో ఎసిక్లోఫెనాకో ఉంటుంది. బుల్లిది చాలాసార్లు స్టెరాయిడ్. కాలు బెణికినప్పుడో పన్ను పీకించుకున్నప్పుడో నాలుగు రోజులు వాడితే నొప్పి మాత్ర మంచి మందే. ఏడాదిగా ఉన్న నొప్పికి ఏడాదిగా వాడితే అదే జబ్బవుతుంది.

ఎట్లాగో తెలుసుకోవాలి. కిడ్నీల్లోకి రక్తం సాఫీగా వెళ్లేలా చూసే రసాయనాల పేరు ప్రోస్టాగ్లాండిన్లు. నొప్పినీ వాపునూ పెంచేవీ అవే. నొప్పి మాత్ర వాటి తయారీనే ఆపుతుంది. నీడపట్టున ఉండి, కడుపు నిండా నీళ్లు తాగే ఆరోగ్యవంతుడికి దాని ప్రభావం తెలియకపోవచ్చు. ఏప్రిల్ ఎండలో మిరప కల్లంలో చెమట కార్చి, తాగే నీళ్లు చాలక, అప్పటికే బీపీకి ఎనలాప్రిల్ లేదా టెల్మిసార్టాన్, దాంతోపాటు మూత్రం ఎక్కువయ్యే మాత్ర మింగుతున్న మనిషి సంగతి వేరు. ఆ రెండింటికీ నొప్పి మాత్ర తోడైతే కిడ్నీ మీద మూడు దెబ్బలు ఒకేసారి పడినట్టే. మన ఊళ్లలో బీపీ మాత్ర ఒక డాక్టరు రాస్తాడు, నొప్పి గోలీ ఇంకొకరు ఇస్తారు. రెండు చీటీలూ ఒకే బల్ల మీదికి ఎప్పుడూ రావు.

ఒక్కసారి రాబందులను గుర్తు చేసుకుందాం. ఒకప్పుడు ఊరి బయట కళేబరం పడితే గుంపులుగా దిగే పక్షులు కళ్లముందే మాయమయ్యాయి. పశువులకు వేసిన డైక్లోఫెనాక్ కళేబరాల్లో మిగిలి, వాటిని తిన్న రాబందుల కిడ్నీలు పాడై అవి చనిపోయాయని 2004లో పరిశోధకులు తేల్చారు. 2006లో కేంద్రం ఆ మందును పశువైద్యంలో నిషేధించింది. మనిషి రాబందు కాడు, ఆ మందును అంతకంటే బాగా తట్టుకుంటాడు. కానీ గొడ్లకు వద్దన్న మందును కూలి మనిషి కొంగుముడిలో మాత్రం ఏ లెక్కా లేకుండా వదిలేశాం. చట్టప్రకారం డాక్టరు చీటీ లేనిదే ఇవ్వకూడని మందు అది. ఏ షాపులోనైనా "నొప్పికి రెండు గోలీలివ్వన్నా" అంటే చాలు, కత్తిరించి చేతిలో పెడతారు.

శ్రీకాకుళం ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఎందుకు అంతగా వస్తోందో ఇప్పటికీ తేలలేదు. దానికి నొప్పి మాత్రే కారణమనడం న్యాయం కాదు. అయితే కిడ్నీలు ముందే బలహీనపడ్డ చోట ఆ మాత్ర ఎంత ప్రమాదమో చెప్పడానికి కొత్త పరిశోధన అక్కర్లేదు. అక్కడ నడుము నొప్పి అని వచ్చిన మనిషికి కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ పరీక్ష చూడకుండా సూది వేయడం నేరంతో సమానం.

కిడ్నీలతోనే అయిపోదు. కడుపులో పుండు పడి రక్తం కారితే విరేచనం తారులా నల్లగా వస్తుంది. "నిన్న తిన్న కూర వల్లేమో" అనుకుని ఊరుకున్నవాళ్లున్నారు. గుండె జబ్బు ఉన్నవారికి ఈ మాత్రలు గుండెపోటు ముప్పును పెంచుతాయి. ఇక స్టెరాయిడ్. డెక్సామెథసోన్, బీటామెథసోన్ పడిన మర్నాడు మనిషి లేడిపిల్లలా లేస్తాడు, "ఆ డాక్టరు చెయ్యి మంచిది" అని ఊరంతా చెబుతాడు. నెలలు గడిచేసరికి ముఖం గుండ్రంగా ఉబ్బుతుంది, షుగర్ ఎగబాకుతుంది, ఎముకలు గుల్లబారతాయి. చాలాకాలం వాడినవాళ్లు ఒక్కసారిగా మానేస్తే ప్రాణానికే ముప్పు, ఎందుకంటే ఒళ్లు తన సొంత స్టెరాయిడ్ తయారుచేయడం అప్పటికే మరిచిపోయి ఉంటుంది. ఈ సంగతి ఒక్క వాక్యంలో చెప్పొచ్చు. చెప్పేవాళ్లు ఎంతమంది?

మాట కూడా గాయం చేస్తుంది

సూది చేసే నష్టం రక్తపరీక్షలో తెలుస్తుంది. "గుజ్జు అరిగిపోయింది", "డిస్క్ జారింది", "ఎముకలు రాసుకుంటున్నాయి", "నరం నలిగిపోయింది" అన్న మాటలు చేసే నష్టం ఏ పరీక్షకూ అందదు. ఆ మాట విన్న మనిషి తన వెన్నును పగుళ్లిచ్చిన కుండలా చూసుకోవడం మొదలుపెడతాడు. వంగడు, నడవడు, మనవణ్ణి ఎత్తుకోడు. కదలని కండరం సన్నబడుతుంది, సన్నబడ్డ కండరం చిన్న పనికే నొప్పి పెడుతుంది. అప్పుడు "చూశావా, డాక్టరు అన్నట్టే అయింది" అనుకుంటాడు.

మరి ఎమ్మారైలో కనిపించింది అబద్ధమా? కాదు. దాని అర్థమే వేరు. ఏ నొప్పీ లేని 3,110 మంది వెన్ను చిత్రాలపై జరిగిన 33 అధ్యయనాలను 2015లో ఒకచోట చేర్చి చూశారు. ఇరవై ఏళ్ల వయసులోనే 37 శాతం మందిలో డిస్కులు అరిగిన గుర్తులు ఉన్నాయి. యాభై ఏళ్లకు 80 శాతం మందిలో, ఎనభై ఏళ్లకు 96 శాతం మందిలో కనిపించాయి. డిస్కు ఉబ్బు యాభై ఏళ్లవారిలో 60 శాతం మందికి ఉంది. వీళ్లెవరికీ నడుము నొప్పి లేదని మరోసారి గుర్తు చేసుకోండి. తల నెరిసినట్టే డిస్కులూ ముదురుతాయి. ఎనిమిది వేలు అప్పు చేసి తీయించుకున్న ఫిల్మును లైటుకు పెట్టి "ఇదిగో, ఇక్కడ పోయింది" అనే ముందు, ఆ ఫిల్ము నొప్పి లేనివాళ్లలోనూ అలాగే ఉంటుందన్న మాట డాక్టరు నోటివెంట రావాలి. ఆ మాట రాకపోతే కొందరు అవసరం లేని ఆపరేషన్ దాకా పోతారు, ఇంకొందరు మంచం దాకా.

దీనికి ఎదురు కొసన ఇంకో తప్పు ఉంది. పరీక్షలన్నీ బాగున్నాయి కాబట్టి "నీకేం లేదమ్మా, అంతా మనసులోనే" అనడం. ఆ మాటతో ఇంటికి వెళ్లిన కోడలిని అత్తగారు ఎలా చూస్తుందో, పనికి రాలేనన్న కూలీని మేస్త్రీ ఎలా చూస్తాడో డాక్టరుకు తెలియదు. నొప్పి ఉన్న మనిషి ఇప్పుడు నాటకమాడుతున్న మనిషి అవుతాడు. తన నొప్పి నిజమేనని నిరూపించుకోవడానికి ఇంకో డాక్టరు, ఇంకో స్కాను, ఇంకో సూది.

నొప్పి అంటే ఏమిటో ప్రపంచ వైద్యులు ఒప్పుకున్న నిర్వచనం ఉంది. అంతర్జాతీయ నొప్పి అధ్యయన సంఘం 1979లో రాసి, 2020లో సవరించింది. నొప్పి శరీరానికీ మనసుకూ కలిగే అనుభవమనీ, ఒంట్లో గాయం ఉన్నప్పుడే కాక గాయం ఉన్నట్టు అనిపించినప్పుడూ నొప్పి నొప్పేననీ దాని సారం. తనకు నొప్పిగా ఉందని మనిషి చెబితే ఆ మాటను గౌరవించాలని కూడా అందులో ఉంది. యుద్ధంలో తీవ్రంగా గాయపడిన సైనికుల్లో చాలామంది నొప్పి మందు అడగలేదని అమెరికా వైద్యుడు హెన్రీ బీచర్ 1946లో రాశారు. కాలు తీసేసిన మనిషికి లేని పాదం మంటపెట్టడం మన ఆస్పత్రుల్లోనూ చూస్తాం. గాయం ఎంతుంటే నొప్పి అంతే ఉండాలన్న లెక్క ఈ రెండుచోట్లా తప్పింది.

మూడు నెలలు దాటిన నొప్పిని దీర్ఘకాలిక నొప్పి అంటారు. 2022 జనవరి నుంచి అమల్లోకి వచ్చిన అంతర్జాతీయ వ్యాధుల వర్గీకరణ 11వ కూర్పు దానికి విడిగా చోటిచ్చింది. ఇలాంటి నొప్పిలో చాలాసార్లు మొదటి గాయం మానిపోయి ఉంటుంది, నరాల వ్యవస్థ మాత్రం అప్రమత్తత వీడదు. దొంగ పోయాక కూడా రాత్రంతా మొరిగే కుక్కలాగా. ఆ కుక్కను కొడితే ఇంకా మొరుగుతుంది. భయం, నిద్రలేమి, అప్పు, ఒంటరితనం దాన్ని మరింత రెచ్చగొడతాయి. మెల్లగా మచ్చిక చేసుకుంటే తగ్గుతుంది. ఇది ఊరటకు చెప్పే కథ కాదు, నాడీశాస్త్రం చెప్పే సంగతి. తొమ్మిదో తరగతి పిల్లకూ అర్థమయ్యేలా తెలుగులో చెప్పొచ్చు.

తొంభై రెండు సెకన్లు

"ఇదంతా వినడానికి టైమెక్కడిది? బయట ఎనభై మంది ఉన్నారు" అని డాక్టరు అడుగుతాడు. ఆ ప్రశ్నను తీసిపారేయలేం. 67 దేశాల లెక్కలు చూసిన 2017 నాటి సమీక్షలో డాక్టరు రోగికిచ్చే సమయం బంగ్లాదేశ్‌లో 48 సెకన్లు, స్వీడన్‌లో 22 నిమిషాల పైచిలుకు, మన దేశంలో సుమారు రెండు నిమిషాలు. అయితే ఇంకో రెండు లెక్కలు కూడా చూడండి. 1984లో అమెరికాలో గమనిస్తే, రోగి మాట్లాడటం మొదలుపెట్టిన సగటున 18 సెకన్లకే డాక్టరు అడ్డుతగులుతున్నాడు. 2002లో స్విట్జర్లాండ్‌లో ఒక ఆస్పత్రి డాక్టర్లు అడ్డుపడకుండా విన్నారు. రోగులు సగటున 92 సెకన్లలో తమంతట తామే ఆపేశారు. గంటలు మాట్లాడతారన్న భయం ఉత్తదని తేలింది. ఆ ఒకటిన్నర నిమిషం పెట్టుబడి పెడితే రెండు అనవసర స్కాన్లు, నాలుగు సూదులు మిగులుతాయి.

వినడమంటే తలూపడం కాదు, ఏం వినాలో తెలియాలి. మన వైద్య విద్యార్థి నొప్పి రకాలను ఇంగ్లిష్ పుస్తకంలో నేర్చుకుంటాడు. అతని ముందు కూర్చునే మనిషి మాట్లాడేది తెలుగు. నొప్పి విషయంలో తెలుగుకు ఉన్న సంపద చిన్నది కాదు. సలుపు వేరు, పోటు వేరు, గుంజుడు వేరు, పీకుడు వేరు. కలుక్కుమన్నది ఒకటి, జివ్వుమని లాగింది ఇంకొకటి. "అరికాళ్లు మంటలు, చీమలు పాకినట్టు, సూదులు గుచ్చినట్టు, కరెంటు కొట్టినట్టు" అని మనిషి చెబుతున్నాడంటే అది నరం నొప్పి అని తనకు తెలియకుండానే డాక్టరుకు చెబుతున్నాడు. షుగర్ ఉన్నవాళ్లలో ఇది ఎక్కువ. దానికి డైక్లోఫెనాక్ పెద్దగా పనిచేయదు, కిడ్నీలకు చేటు మాత్రం చేస్తుంది. ఒక్క మాట శ్రద్ధగా వింటే ఒక తప్పు మందు తప్పుతుంది.

నరం నొప్పికి అమిట్రిప్టిలిన్ లాంటి మందు చిన్న మోతాదులో రాస్తారు. అక్కడ ఇంకో గుంట ఉంది. మందుల షాపులో కుర్రాడు చీటీ చూసి "ఇది పిచ్చికిచ్చే మందు కదా" అంటాడు. ఆ రాత్రే ఆ గోలీలు చెత్తకుప్పలోకి పోతాయి, డాక్టరు మీద నమ్మకం కూడా వాటితోపాటే. "ఈ మందును ఎక్కువ మోతాదులో దిగులు జబ్బుకు వాడతారు, నీకు ఇచ్చింది నరాల మంట తగ్గడానికి, మొదట్లో కాస్త మత్తుగా, నోరెండినట్టు ఉంటుంది" అని ముందే చెప్పాల్సింది. ఈ మాటకు పట్టేది పదిహేను సెకన్లు.

ఊరు కూడా రోగచరిత్రలో భాగమే. ఫ్లోరైడ్ వల్ల ఎముకలు పాడవుతున్నాయని మన దేశంలో మొదట గుర్తించింది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లాలో. తరువాత నల్లగొండ జిల్లా మర్రిగూడ పరిసరాల పేరు దేశమంతా తెలిసింది. మిషన్ భగీరథ నీళ్లు వచ్చాక తాగునీరు మారింది, కానీ బాల్యమంతా బోరు నీళ్లు తాగినవారి వెన్ను మారలేదు. అక్కడ నడుము పట్టేసిందన్న మనిషిని చిన్నప్పుడు ఏ నీళ్లు తాగావని అడగని డాక్టరు సగమే విన్నట్టు. 2006లో చికున్‌గున్యా ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌ను ఊళ్లకు ఊళ్లు మంచాన పడేసినప్పుడు, జ్వరం పోయినా కీళ్ల నొప్పులు నెలల తరబడి వదలని సంగతి జనానికి గుర్తుంది. ఇప్పటికీ జ్వరం తరువాత మొదలైన కీళ్ల నొప్పి అంటే అది చికున్‌గున్యానా అన్న ప్రశ్న అడగాలి.

అదే బల్ల, అదే మనిషి

ఇప్పుడు మొదటి క్లినిక్కుకు మళ్లీ వెళ్దాం. ఈసారి డాక్టరు పెన్ను కింద పెట్టి, "చెప్పమ్మా, నీ బాధేందో మొత్తం చెప్పు" అన్నాడు. అని ఊరుకున్నాడు.

"నడుము గుంజుతాంది సారూ. వంగితె లేవొస్తలే. రాత్రి పండుకుంటె నిద్ర వడ్తలేదు. మా అమ్మ గిట్లనే వంగి వంగి, ఆఖరుకు మంచంల వడ్డది. నాకు గట్లనే ఐతదేమోనని తెల్లందాక గదే ఆలోచన."

సగంలో ఆగిపోయిన వాక్యం ఇదే. అందులో రెండు సంగతులున్నాయి. ఒకటి ఆమె భయం. రెండోది జబ్బు జాడ.

"మీ అమ్మగారిది ఏ ఊరు?"

"మర్రిగూడ దిక్కు సారూ. నా పెండ్లి దాక ఆడనే. బోరు నీళ్లే తాగినం."

డాక్టరు లేచాడు. మోకాళ్లు వంచకుండా నేలమీది నాణెం తీయమన్నాడు, గడ్డం ఛాతీకి ఆనించమన్నాడు, చేతులు తల వెనక్కి పెట్టమన్నాడు. ఫ్లోరోసిస్‌ను అనుమానించడానికి పైసా ఖర్చు లేని మూడు పరీక్షలవి. వెన్ను మీద చెయ్యి వేసి నొక్కి చూశాడు, కాళ్ల బలం చూశాడు. జ్వరం వస్తోందా, బరువు తగ్గావా, మూత్రం సరిగా వస్తోందా, తొడల మధ్య మొద్దుబారిందా అని అడిగాడు. బీపీ మాత్ర వాడుతున్నావా అనీ, ఇప్పటిదాకా ఎన్ని సూదులు పడ్డాయనీ అడిగాడు.

"నీ నొప్పి నిజమమ్మా. నువ్వు ఊహించుకున్నది కాదు. కాళ్లలో బలం బాగుంది, ప్రమాదం గుర్తులు ఇప్పుడు కనిపించలేదు. మెడ, నడుము కొంచెం బిగిసినయి. నీళ్ల వల్లనా కాదా అన్నది ఒక ఎక్స్‌రే, ఒక మూత్రపరీక్షతో చూద్దాం. కానీ మీ అమ్మకు అయినట్టే నీకూ అవుతుందన్న రూలేం లేదు. కదిలితే నడుము విరగదు. కదలకపోతేనే బిగుస్తుంది."

"మరి ఒక్క సూది ఎయ్యరాదుండ్రి సారూ?"

"వేస్తే మూడు రోజులు హాయిగా ఉంటది. మళ్లీ వస్తవు. నీకు బీపీ ఉందన్నావు, కిడ్నీ పరీక్ష చూడకుండా వెయ్యను. నొప్పి తగ్గితే ముందు ఏ పని చేసుకోవాలనుంది?"

ఆమె కాసేపు ఆలోచించింది. "మనుమరాల్ని ఎత్తుకోవాలె సారూ. పత్తికి పోవాలె."

ఒకటి నుంచి పది వరకు నొప్పికి మార్కులు వేయమంటే ఆమె ఏం చెబుతుందో తెలియదు. మనవరాలిని ఎత్తుకోవాలన్నది మాత్రం డాక్టరుకూ రోగికీ ఇద్దరికీ కనిపించే గురి. రోజుకు ఎంతసేపు నడవాలో, ఏ రెండు వ్యాయామాలు చేయాలో, గంటకోసారి పని ఆపి నడుము ఎలా చాపాలో చీటీ వెనక బొమ్మ గీసి ఇచ్చాడు. రెండు వారాల తరువాత రమ్మని తేదీ రాశాడు. వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర ఆగి, "వంకాయ తినొచ్చా సారూ, వాతమంటరు గదా" అని అడిగింది. "తినమ్మా, నాకూ ఇష్టమే" అన్నాడు. అంతా కలిపి ఎనిమిది నిమిషాలు.

ఈ సంభాషణలో అద్భుతం ఏదీ లేదు. నడుము నొప్పి మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 డిసెంబరులో ఇచ్చిన మార్గదర్శకాలు చెప్పేదీ ఇంచుమించు ఇదే: ముందు వివరించండి, వ్యాయామం చేయించండి, అవసరమైతే మనసుకు సంబంధించిన చికిత్స ఇవ్వండి, మందులు జాగ్రత్తగా వాడండి. అందరూ కట్టుకు తిరిగే నడుము బెల్టునూ, బరువులు వేలాడదీసే ట్రాక్షన్‌నూ అది వద్దంది. నల్లమందు జాతి మందులనూ మామూలుగా వాడొద్దంది. ఆ సంస్థ లెక్కలో 2020లో నడుము నొప్పితో ఉన్నవారు 61.9 కోట్ల మంది, 2050కి 84.3 కోట్లవుతారు. ఇంతమందికి సూదులు చాలవు.

అమెరికాను చూసి కూడా నేర్చుకోవాలి. నొప్పిని పట్టించుకోవాలన్న మంచి మాట అక్కడ తొంభైలలో మొదలై, నల్లమందు జాతి మాత్రలు కుమ్మరించడంగా మారి లక్షల ప్రాణాలు తీసింది. తరువాత భయపడి ఒక్కసారిగా మందు ఆపేస్తే ఇంకో రకం నష్టం జరిగింది. అక్కడి ప్రభుత్వ సంస్థ 2016లో రాసిన సూచనలను 2022లో దిద్దుకోవాల్సి వచ్చింది. మన దగ్గర అదే జాతి మందైన ట్రమడాల్‌ను 2018లో మాదకద్రవ్యాల చట్టం కిందికి తెచ్చారు. అయితే ఈ హెచ్చరిక క్యాన్సర్ నొప్పికి వర్తించదు. అక్కడ మార్ఫిన్ అవసరం, అది అందడం సులువు కావాలనే 2014లో చట్టం సవరించారు. క్యాన్సర్ రోగికి మార్ఫిన్ నిరాకరించడం కూడా నొప్పిని వినకపోవడమే.

ఎవరేం చేయాలి?

డాక్టర్లు మూడు మాటలు మానాలి: "అరిగిపోయింది", "ఏమీ లేదు", "ఇక ఇంతే". మూడు ప్రశ్నలు అలవాటు చేసుకోవాలి: "ఏ పని ఆగిపోయింది?", "దీని గురించి నీకున్న భయమేంటి?", "ఇంకా ఏమేం మందులు వాడుతున్నావు?" పూర్తిగా తగ్గిస్తానని మాటివ్వొద్దు, తగ్గదని తేల్చేయొద్దు. నిద్ర పట్టడం లేదని, బతకాలని లేదని రోగి అంటే దాన్ని దాటేయొద్దు. దీర్ఘకాలిక నొప్పి, దిగులు తరచూ ఒకే ఇంట్లో ఉంటాయి. ఆ మాట వచ్చినచోట అక్కడే ఆగి మాట్లాడాలి, ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ 14416 నంబరు రాసివ్వాలి.

ఇక ప్రభుత్వాలు. 2019 నుంచి ఎంబీబీఎస్‌లో రోగితో మాట్లాడే తీరును పాఠంగా పెట్టారు. బాగుంది. ఆ పాఠం తెలుగులో, నిజమైన రోగి ముందు జరగాలి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి ఒక ఫిజియోథెరపిస్టు వచ్చే రోజంటూ ఉండాలి. పేరు లేని పొట్లాల మీద తనిఖీ నోటీసు బోర్డుకే పరిమితం కాకూడదు.

ఇక నొప్పితో ఉన్నవారికి. ఈ గుర్తుల్లో ఏదైనా ఉంటే ఇంటి వైద్యం, ఊరి సూది రెండూ వద్దు, ఆ రోజే పెద్దాస్పత్రికి వెళ్లండి: కాళ్లు బలం తప్పడం, మూత్రం ఆగిపోవడం లేదా తెలియకుండా పోవడం, తొడల మధ్య మొద్దుబారడం, కిందపడ్డాక మొదలైన తీవ్రమైన నొప్పి. వెన్నునొప్పితో పాటు సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం ఉంటే వెన్నెముక క్షయ కావచ్చు, క్యాన్సర్ కావచ్చు. వెంటనే పరీక్ష చేయించుకోండి. ఛాతీ నుంచి ఎడమ చేతికి, దవడకు పాకే నొప్పిని వాతమని రుద్దుకుంటూ కూర్చోవద్దు. విరేచనం నల్లగా వచ్చినా, మూత్రం తగ్గినా నొప్పి మాత్ర ఆపి డాక్టరును కలవండి. బుల్లి గోలీ నెలల తరబడి వాడి ఉంటే మాత్రం మీ అంతట మీరు ఒక్కసారిగా ఆపకండి, అది డాక్టరు చూస్తుండగా మెల్లగా మానాల్సిన మందు.

ఈ రాత్రే ఒక పని చేయండి. అలమరలో, దిండు కింద, కొంగుముడిలో ఉన్న గోలీలన్నీ ఒక సంచిలో వేయండి. రేపు ఆ సంచిని డాక్టరు బల్ల మీద బోర్లించి, "వీటి పేర్లేంటి, నాకు ఏవి అక్కర్లేదు?" అని అడగండి. పేరు చెప్పని మందు మింగొద్దు, ఎన్నాళ్లో చెప్పని సూది వేయించుకోవద్దు.

డాక్టరుగారూ, ఆ సంచి మీ బల్ల మీద పడినప్పుడు విసుక్కోకండి. మొదటి తొంభై రెండు సెకన్లు రోగివి. సిరంజి ఆ తరువాత కూడా మీ చేతికి అందేంత దూరంలోనే ఉంటుంది.